మూడు వేళ్ల మందం

పాత ఇంటి గోడకు మేకు కొట్టబోయి, అది వంకర తిరిగిపోతే సుత్తి కింద పెట్టేసినవాళ్లకు గానుగ సున్నం గట్టితనం వేరే చెప్పక్కర్లేదు. తెలంగాణలో డంగు సున్నం అంటారు. నేలలో గుండ్రంగా కాలువ తవ్వి, రాళ్లు పరిచి, నడుమ ఒక గుంజ పాతేవాళ్లు. గుంజకు దూలం, దూలానికి నిలువుగా ఒక రాతి చక్రం, దూలం కొసన ఎద్దులు. ఎద్దులు తిరిగినంతసేపూ ఆ చక్రం కాలువలో దొర్లుతూ తడి సున్నాన్నీ ఇసుకనూ తన బరువుతో తొక్కేది. తొక్కగా తొక్కగా సున్నం వెన్నలా అయ్యేది.

సిమెంటు ఫ్యాక్టరీలో మూడు నాలుగంతస్తుల ఎత్తున ఉండే రోలర్ మిల్లు లోపలికి మొదటిసారి దిగినప్పుడు నాకు ఆ గానుగే కళ్లముందు నిలిచింది. గానుగలో చక్రం చుట్టూ తిరుగుతుంది, కాలువ కదలదు. ఇక్కడ కాలువ బదులు గుండ్రటి ఇనప టేబుల్ తిరుగుతుంది, రోలర్లు ఉన్నచోటే ఉండి దొర్లుతాయి. ఎద్దుల బదులు వెయ్యి కిలోవాట్ల మోటారు, రాతి చక్రం సొంత బరువు బదులు హైడ్రాలిక్ సిలిండర్ల లాగుడు. మిగతాదంతా మన గానుగే.

ఇంత పెద్ద యంత్రం ఎందుకో తెలియాలంటే ఒక సిమెంటు బస్తా లెక్క చూడాలి. బస్తాలో ఉండేది 50 కిలోలు. దానికోసం సున్నపురాయి, మట్టి, ఇనుము ఉన్న లేటరైట్ లాంటి ముడిసరుకు 75 కిలోల దాకా పిండి కావాలి. ఆ పిండిని కిల్న్‌లో కాల్చడానికి ఏడెనిమిది కిలోల బొగ్గు పొడి కావాలి. కాలి గోలీల్లా గట్టిపడి వచ్చే క్లింకర్‌ను జిప్సంతో కలిపి మళ్లీ 50 కిలోలు నలపాలి. వెరసి బస్తాకు 130 కిలోలకు పైగా నలుగుతుంది. ఫ్లైయాష్ కలిపే రకాల్లో కొంత తగ్గుతుంది. జగ్గయ్యపేట, మేళ్లచెరువు, మాచర్ల, ఎర్రగుంట్ల, తాండూరు వైపు ఏ ఫ్యాక్టరీ కరెంటు బిల్లు తీసి చూసినా సగానికి మించి ఈ నలపడానికే పోతుంది.

రాయి పగలడం తేలికే, పొడి కావడమే కష్టం. ఒక్కో పక్క ఒక సెంటీమీటరు ఉన్న రాతి ఘనానికి ఆరు ముఖాలు కలిపి 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం. అదే రాయిని 10 మైక్రాన్ల ఘనాలుగా చేస్తే 6,000 చదరపు సెంటీమీటర్లు అవుతుంది. చిటికెలో పట్టే పొడి ముఖాలన్నీ పరిస్తే ఓ చిన్న బల్ల నిండుతుందన్నమాట. ఆ కొత్త ముఖాలన్నీ మన శక్తితోనే తెరవాలి. పైగా పెద్ద రాయిలో పుట్టుకతోనే బీటలుంటాయి. దెబ్బ తగిలితే ఆ బీటల వెంబడే చీలుతుంది. గాజు మీద ప్రయోగాలు చేసి బీటల పాత్రను గణితంలోకి తెచ్చింది ఎ.ఎ. గ్రిఫిత్, 1920 ప్రాంతంలో. ముక్క చిన్నదయ్యేకొద్దీ పెద్ద బీటలు అప్పటికే అయిపోయి ఉంటాయి. మిగిలిన ముక్క మొండికేస్తుంది.

ఎంత మొండికేస్తుందో 1952లో ఫ్రెడ్ బాండ్ ఒక సూత్రంలో పెట్టాడు. దాని ప్రకారం 100 మిల్లీమీటర్ల రాయిని 10 మిల్లీమీటర్లకు తేవడానికి పట్టే శక్తి కంటే, 100 మైక్రాన్ల పొడిని 10 మైక్రాన్లకు తేవడానికి ముప్పై రెట్లకు పైగా శక్తి కావాలి. రెండూ పదో వంతుకు కుదించడమే. అందుకే అవసరానికి మించి ఒక్క మైక్రాను మెత్తన చేసినా డబ్బు గాలిలో కలిసినట్టే. సున్నపురాయి పిండిని 90 మైక్రాన్ల జల్లెడలో పట్టి, పైన నూటికి 12, 15 గ్రాములు మిగిలితే చాలని ఆపేస్తారు. ఆ అంకె కోసమే ల్యాబులో గంట గంటకూ జల్లెడ ఆడుతూ ఉంటుంది.

మన ఇళ్లలో నలపడానికి మూడు దారులుండేవి. రోట్లో దంచడం, తిరగలిలో విసరడం, గానుగలో తొక్కడం. ఫ్యాక్టరీలు దంచడంతో మొదలుపెట్టాయి. బాల్ మిల్లు అంటే అదే. పెద్ద ఇనప గొట్టంలో వందల టన్నుల ఉక్కు గుండ్లు పోసి తిప్పుతారు, గుండ్లు పైకెక్కి కిందపడుతూ రాయిని దంచుతాయి. కానీ గుండు గుండుకే తగిలి పోయే దెబ్బలే ఎక్కువ. నిజంగా రాయిని చీల్చడానికి పనికొచ్చే శక్తి నూటికి కొద్ది వంతులే, మిగతాదంతా వేడి, మోత. బాల్ మిల్లు పక్కన నిలబడి మాట్లాడాలంటే చెవిలో అరవాలి. ఆ అరుపుకు కారణమైన మోత మొత్తం మనం డబ్బు కట్టిన కరెంటే.

తొక్కడంలో ఆ వృథా తక్కువ. జర్మనీలో క్లాస్ షోనెర్ట్ ఈ సంగతిని లోతుగా చదివాడు. ఒక్కో రేణువును విడిగా నొక్కి పగలగొడితే అన్నిటికంటే చౌక, కానీ గంటకు వందల టన్నులు అలా చేయలేం. రేణువులను ఒక పొరగా పరిచి, పొర మొత్తాన్ని గట్టిగా నొక్కితే రేణువు మీద రేణువు పడి తమను తామే పగలగొట్టుకుంటాయి. ఆయన ఆలోచన నుంచే 1980ల నడుమ రోలర్ ప్రెస్ వచ్చింది. నిలువు రోలర్ మిల్లు అంతకు చాలా ముందే ఈ పని చేస్తోంది. 1920ల చివర్లో బెర్లిన్‌లో లోషే సంస్థ తయారుచేసిన మిల్లులు కరెంటు కేంద్రానికి బొగ్గు నలిపేవి. అప్పట్లో రోలర్లను స్ప్రింగులు నొక్కేవి. సున్నపురాయి వంతు తర్వాత వచ్చింది.

నేను చెప్పదలచుకున్న అసలు సంగతి ఇక్కడే ఉంది. ఈ మిల్లును డిజైన్ చేయడమంటే రోలర్ గీసి, టేబుల్ గీసి, గేర్‌బాక్సు బిగించడమని బయటివాళ్లు అనుకుంటారు. చేసేవాళ్లు మొదట ఆలోచించేది రోలర్‌కూ టేబుల్‌కూ నడుమ ఉండే సరుకు పొర గురించి. ముడిసరుకు నలిపే రా మిల్లులో దాని మందం సుమారు అయిదు సెంటీమీటర్లు, మూడు వేళ్లు పక్కపక్కన పెడితే ఎంతో అంత. మిగతా ఇనుమంతా ఆ పొరను నిలబెట్టడానికే ఉంది. పొర పలచబడితే ఇనుమూ ఇనుమూ దగ్గరపడి మిల్లు గుర్రంలా ఎగురుతుంది. పొర మందమైతే పైపైన నలిగి లోపల రాయి రాయిగానే ఉండిపోతుంది, మోటారు మూలుగుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. రోలర్ వ్యాసం 2 మీటర్లు, వెడల్పు 0.7 మీటరు అనుకోండి. రెండిటినీ గుణిస్తే 1.4 చదరపు మీటర్లు. సున్నపురాయికి చదరపు మీటరుకు 700 కిలోన్యూటన్ల లెక్కన నొక్కితే ఒక్కో రోలర్ మీద 980 కిలోన్యూటన్లు, అంటే దాదాపు వంద టన్నుల బరువు. మూడు రోలర్లకు మూడు వందల టన్నులు. రోలర్ నొక్కుతూ దొర్లుతుంటే టేబుల్ తిరగడానికి అడ్డుపడే బలం ఆ నొక్కుడులో సుమారు 9 శాతం. రోలర్ దారిలో టేబుల్ వేగం సెకనుకు 4.5 మీటర్లయితే మోటారు నుంచి దాదాపు 1,200 కిలోవాట్లు కావాలి. టన్నుకు 7 యూనిట్లు పట్టే రాయి అయితే గంటకు 170 టన్నులు నలుగుతుంది. కాగితం మీద ఈ లెక్క పది నిమిషాల పని. కానీ ఆ 9 శాతం, ఆ 7 యూనిట్లు ఏ పుస్తకంలోనూ దొరకవు. గని నుంచి రాయి తెప్పించి చిన్న మిల్లులో నలిపి చూసుకోవాలి. ఒకే గనిలో తూర్పు గట్టు రాయి ఒకలా, పడమటి గట్టు రాయి మరొకలా నలగడం మామూలే.

పొర నిలబడాలంటే టేబుల్ వేగం కూడా కుదరాలి. సరుకు నడుమన పడుతుంది, తిప్పుడు వల్ల అంచుకు జరుగుతూ రోలర్ల కిందికి వస్తుంది. నెమ్మదిగా తిరిగితే నడుమనే కుప్ప పడుతుంది. జోరుగా తిరిగితే రోలర్‌కు చిక్కకుండానే విసిరికొడుతుంది. అంచుకు తోసే బలం ఏ సైజు మిల్లులోనైనా ఒకేలా ఉండాలంటే, టేబుల్ వ్యాసం నాలుగు రెట్లు పెరిగినప్పుడు చుట్లు సగానికి తగ్గాలి. అందుకే పెద్ద మిల్లు మెల్లగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. 4 మీటర్ల టేబుల్ నిమిషానికి 25, 30 చుట్లకు మించదు. ఇక టేబుల్ అంచున గట్టులా ఒక రింగు బిగిస్తారు, డ్యామ్ రింగ్ అంటారు. పొలం గట్టు మడిలో నీటిని ఆపినట్టు అది సరుకును ఆపుతుంది. గట్టు ఎత్తును బట్టే పొర మందం. సరుకు మరీ పొడిగా ఉండి కాళ్లకింద ఇసుకలా జారిపోతుంటే, దాని మీద కాస్త నీళ్లు చిలకరిస్తారు. ముగ్గు పెట్టేముందు వాకిట్లో కళ్లాపి చల్లితే దుమ్ము అణిగి నేల గట్టిపడినట్టు పొర కుదురుకుంటుంది.

రోలర్ ఆకారం మీద కంపెనీల మధ్య దశాబ్దాల వాదన ఉంది. టేబుల్ తిరిగేటప్పుడు లోపలి వైపు వేగం తక్కువ, బయటి అంచు వేగం ఎక్కువ. రోలర్ నిలువునా ఒకే వ్యాసంలో ఉంటే దాని ముఖం అంతటా ఒకే వేగం. కనుక ఎక్కడో ఒకచోట జారక తప్పదు. రోలర్‌ను కోను ఆకారంలో, కొస టేబుల్ నడుమ గీతను చూసేట్టు పెడితే జారుడు ఉండదు, ఉత్త దొర్లుడే. ఇడ్లీ పిండి రుబ్బే వెట్ గ్రైండర్లలో రాళ్లు కొన్ని కోనులా, కొన్ని గుండ్రటి స్తంభాల్లా ఉంటాయి చూడండి, ఆ రెండు వర్గాలే ఇక్కడా. జారితే అరుగుదల ఎక్కువ, కానీ కాస్త రాపిడి ఉంటే మెత్తదనం త్వరగా వస్తుంది. లారీ టైరు ఆకారపు రోలర్ కింద కాలువ ఉన్న టేబుల్ పెట్టేవాళ్లూ ఉన్నారు. నా మటుకు ఆకారం గురించి అంత పట్టుదల అక్కర్లేదనిపిస్తుంది. పొర సరిగా ఉంటే మూడు రకాలూ బాగానే నలుపుతాయి, పొర చెడితే మూడూ ఒకేలా ఎగురుతాయి.

ఎగరడం గురించి ఇంకొంచెం చెప్పాలి. ఒకసారి కంట్రోల్ రూములో ఉన్నప్పుడు చూశాను. వానాకాలం, గని నుంచి బంకమన్నుతో వస్తున్న రాయి చ్యూట్‌లో అతుక్కుని సరుకు రాక తగ్గింది. తెర మీద వైబ్రేషన్ గీత మొదట కొద్దిగా వణికింది. ఆపరేటర్ నొక్కుడు తగ్గించేలోపే కాళ్ల కింద నేల దడదడలాడింది, బల్ల మీద టీ గ్లాసు జరిగి అంచుకొచ్చింది. మిల్లు తనంతట తనే ట్రిప్ అయి ఆగిపోయింది. అంతా కలిపి అర నిమిషం. అంత బరువును సిలిండర్లు బిగదీసి పట్టుకుని ఉంటే ఏదో ఒకటి విరగాలి. అందుకే ఆ సిలిండర్ల నూనెకు నైట్రోజన్ గ్యాసు నింపిన సీసాలను కలుపుతారు. పెద్ద రాయి వచ్చి రోలర్ లేచినప్పుడు ఆ గ్యాసు నొక్కుకుని దారి ఇస్తుంది, రాయి పోగానే రోలర్‌ను మళ్లీ దించుతుంది. గ్యాసు ఒత్తిడి కుదరకపోతే మిల్లు బిగుసుకుంటుంది, లేదంటే ఊగిసలాడుతుంది. రోలర్ టేబుల్‌ను నేరుగా తాకకుండా ఆపే అడ్డు ఎలాగూ ఉంటుంది.

ఇంత నొక్కుడూ చివరికి టేబుల్ గుండా కింది గేర్‌బాక్సులోకి దిగుతుంది. అక్కడ తిరిగే పలకకూ తిరగని దిమ్మలకూ నడుమ మూడు వందల టన్నులనూ మోసేది వెంట్రుక కంటే పలచని నూనె పొర. దిమ్మలను కొద్దిగా వాలే వీలుతో పెడితే, నూనె చీలలా దూరి తనే ఒత్తిడి పుట్టించుకుంటుంది. ఆస్ట్రేలియా ఇంజనీరు ఆంథనీ మిచెల్ 1905లో పేటెంటు తీసుకున్న ఉపాయం ఇది. పైన మూడు వేళ్ల పొర, కింద వెంట్రుక పొర. రెండిటిలో ఏది తెగినా మిల్లు నిలవదు.

నలిగిన సరుకు గట్టు దాటి పొంగి అంచున పడుతుంది. అక్కడ టేబుల్ చుట్టూ వాలు పలకల సందుల్లోంచి వేడిగాలి ఈదురుగాలిలా పైకి కొడుతుంది. ఆ తర్వాత జరిగేది కళ్లంలో మనం చూసిందే, తూర్పారబట్టడం. బరువైన ముక్క కిందపడి మళ్లీ రోలర్ కిందికి పోతుంది, తేలికది గాలితో పైకి పోతుంది. మిల్లు నెత్తిన తిరిగే పంజరం లాంటి సెపరేటర్ రెండోసారి చెరుగుతుంది. లోపలికి లాగే గాలి ఒకవైపు, బయటికి విసిరే తిప్పుడు ఒకవైపు. పంజరం వేగం పెంచితే మెత్తటి రేణువే దాటగలదు, తగ్గిస్తే ముతకదీ దాటుతుంది. పైగా ఆ గాలి కిల్న్ ప్రీహీటర్ నుంచి 300 డిగ్రీల దరిదాపుల్లో వచ్చే పొగే. బయటికి పోవలసిన వేడి రాతి తడిని ఆరబెడుతుంది, తను 90 డిగ్రీలకు చల్లబడి బ్యాగ్ ఫిల్టర్‌కు పోతుంది. నలపడం, ఆరబెట్టడం, చెరగడం, మోయడం నాలుగూ ఒకే పొట్టలో.

ఈ మోయడానికే అసలు ఖర్చు ఉంది. రా మిల్లు ఫ్యాన్ తాగే కరెంటు మిల్లు మోటారుతో దాదాపు సమానం. ముతక రాళ్లను కూడా గాలితోనే నిలబెట్టాలని సందుల్లో వేగం పెంచడం దండగ. అందుకే ఇప్పటి డిజైన్లు వేగం తగ్గించి, పడే ముతకను పడనిచ్చి, బకెట్ ఎలివేటర్‌తో పైకెత్తి తిరిగి లోపల పోస్తాయి. గాలితో మోయడం కంటే తట్టతో మోయడం చవక.

బొగ్గు దగ్గరికొస్తే ఇదే మిల్లు, కానీ మనసు మారాలి. బొగ్గు ఎంత తేలిగ్గా నలుగుతుందో చూడటానికి అమెరికా ఇంజనీరు హార్డ్‌గ్రోవ్ పెట్టిన పరీక్ష నాకు ఎప్పుడు చూసినా ముచ్చటేస్తుంది. 50 గ్రాముల బొగ్గు ఒక చిన్న గిన్నెలో పోసి, ఎనిమిది ఉక్కు గుండ్లు పెట్టి, పైన రింగుతో నొక్కి సరిగ్గా 60 చుట్లు తిప్పుతారు. 75 మైక్రాన్ల జల్లెడ దాటింది ఎంతో తూచి అంకె వేస్తారు. అంకె పెద్దదైతే మెత్తటి బొగ్గు. అరచేతిలో పట్టే మిల్లుతో గంటకు 50 టన్నుల మిల్లు సైజు తేల్చడం ఇది. కానీ ఈ అంకె ఒక సంగతి చెప్పదు. మన బొగ్గులో బూడిద నూటికి 35, 40 దాకా ఉంటుంది, అందులో ఇసుక లాంటి క్వార్ట్జ్ ఉంటుంది. బొగ్గు సులువుగానే నలుగుతుంది, క్వార్ట్జ్ మాత్రం ఇనుమును తినేస్తుంది. నలిగే గుణం వేరు, అరగదీసే గుణం వేరు. విదేశీ బొగ్గుకు సరిపోయిన రోలర్ ఇక్కడ ముందే అరిగిపోవడానికి కారణం ఇదే.

రామగుండంలో 500 మెగావాట్ల యూనిట్ పూర్తిగా నడిస్తే గంటకు 300 టన్నుల పైచిలుకు బొగ్గు పిండి కావాలి. అక్కడ వాడే రకాన్ని బౌల్ మిల్లు అంటారు. టేబుల్ బదులు గిన్నె తిరుగుతుంది, ఏటవాలు రోలర్లను స్ప్రింగులు నొక్కుతాయి. హైదరాబాదు రామచంద్రాపురంలోని బీహెచ్‌ఈఎల్ ఈ మిల్లులను ఏళ్లుగా తయారుచేస్తోంది. అక్కడ నలిగిన పొడి ఎక్కడా నిలవ ఉండదు, గాలితో నేరుగా బాయిలర్ మంటలోకి పోతుంది. బొగ్గులో కలిసొచ్చిన రాయీ ఇనుమూ నలగక గాలి సందుల్లోంచి కిందపడతాయి. వాటిని మిల్ రిజెక్ట్స్ అని పక్కకు లాగేస్తారు.

బొగ్గు మిల్లులో పొర కంటే ముందు నిప్పు గురించి ఆలోచించాలి. మెత్తటి బొగ్గు, వేడి, గాలి మూడూ ఒకే గదిలో ఉన్నాయి. సున్నపురాయి మిల్లు నుంచి గాలి 90 డిగ్రీలతో వచ్చినా పర్వాలేదు, కిల్న్ బొగ్గు మిల్లులో 65 నుంచి 80 డిగ్రీల నడుమే ఉంచుతారు. కిల్న్ పొగను వాడితే అందులో ఆక్సిజన్ తక్కువ కనుక అదే ఒక కాపలా. లోపల ఎక్కడో పొడి కుప్పపడి రగులుతుంటే కార్బన్ మోనాక్సైడ్ పెరగడమే ఆ సంగతి ముందుగా చెబుతుంది. అందుకే డిజైనర్ లోపల ఎక్కడా బల్లపరుపు అంచు లేకుండా, పొడి నిలవకుండా అన్నీ నిట్టవాలుగా పెట్టాలి. మిల్లు గుల్ల మాత్రం పేలుడును తట్టుకునేలా, వాతావరణం కంటే దాదాపు మూడున్నర రెట్ల అదనపు ఒత్తిడికి కడతారు. మిల్లు నిండా నడిచేటప్పటి కంటే మొదలుపెట్టేటప్పుడు, ఆపేటప్పుడు ప్రమాదం ఎక్కువ. నిండుగా ఉన్నప్పుడు గాలిలో బొగ్గు చిక్కగా ఉండి మంట అంటుకోదు, మొదట్లోనూ చివర్లోనూ పలచబడి అంటుకునే పాళ్లలోకి వస్తుంది. ఆ కొద్ది నిమిషాల్లో తొందరపడిన ఏ ఆపరేటర్‌నూ నేను క్షమించలేను. అక్కడ పక్కన మనుషులుంటారు.

క్లింకర్ నలపడానికి మాత్రం రోలర్ మిల్లు ఆలస్యంగా వచ్చింది. క్లింకర్ పొడి వేడిగా, పూర్తిగా పొడిగా, గాలి నింపుకుని నీళ్లలా పారుతుంది. రోలర్ కిందికి రాగానే పక్కకు జారిపోతుంది. దానికోసం పెద్ద రోలర్ల ముందు చిన్న రోలర్లు పెట్టారు. అవి నలపవు, పొరలోని గాలిని అదిమి బయటికి పంపుతాయి, వెనకే పెద్ద రోలర్ వచ్చి నలుపుతుంది.

ఎంత గట్టి క్రోమియం పోత ఇనుము వేసినా రోలర్ అరుగుతుంది, టేబుల్ పలకలూ అరుగుతాయి. మిల్లు ఆపి, చల్లార్చి, తలుపు తీసి లోపలికి దిగినప్పుడు ఆ అరుగుదలే చదవాలి. ఒకసారి అలా మాతో దిగిన ఫిట్టర్‌ది ఇరవై ఏళ్ల అనుభవం. రేకుతో కోసిన అచ్చును రోలర్ మీద ఆనించి, టార్చి వేసి సందు చూపించాడు. లోపలి వైపు రేకు అతుక్కుని ఉంది, బయటి అంచు వైపు బొటనవేలు దూరేంత ఖాళీ.

“చూడండి సార్, టేబుల్ కూడా ఇక్కడే గుంట పడింది. గుంట పడ్డంత మేర పొర మందమైంది. మోటారు బరువు మోస్తోందని మీరు అన్నది దీనికే.”

“వెల్డింగ్ పోయిద్దామా?”

“పోద్దాం సార్, దానికి మూడు రోజులు పడుతుంది. ఈ లోపల గట్టు తగ్గిస్తే చాలు.”

అతను మోకాళ్ల మీద కూర్చుని సుద్దతో డ్యామ్ రింగ్ చుట్టూ ఒక గీత గీశాడు, పై అంచు నుంచి 20 మిల్లీమీటర్ల కింద. కట్టర్ లోపలికి అందించమని తలుపు వైపు తిరిగి కేకేశాడు.